కుక్కల పార్కుకు నేల ఎంచుకోవడం ఎలా? బెజవాడ ఎండకూ నల్లరేగడికీ నిలిచే పద్ధతి

విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఒక అపార్ట్‌మెంటు సంఘమో కాలనీ కమిటీయో లేఅవుట్‌లో మిగిలిన ఖాళీ జాగాను కుక్కల కోసం కేటాయించాలనుకున్నప్పుడు, చర్చ అంతా కంచె ఎత్తు చుట్టూ, గేటు ఖర్చు చుట్టూ తిరుగుతుంది. నేల సంగతి చివర్లో వస్తుంది. "పచ్చిక వేయిద్దాం, చూడటానికి బాగుంటుంది" అని ఎవరో అంటారు, అందరూ సరేనంటారు. తీరా ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేసరికి గేటు దగ్గర బురద గుంట, కంచె వెంబడి బోడి నేల, మధ్యలో ఎండిన గడ్డి దుబ్బులు మిగులుతాయి. మా కాలనీలో ఈ పనిని దగ్గరుండి చూసుకున్నవాళ్లలో నేనొకడిని. రెండుసార్లు డబ్బు నేలపాలైన తరువాత మూడోసారి వేసిన నేల నిలిచింది. ఆ అనుభవంతో చెబుతున్నాను: పైన ఏం పరచాలన్నది రెండో ప్రశ్న. కింద ఏ మట్టి ఉంది, పడిన నీరు ఎటు పోతుంది, మే నెల మధ్యాహ్నం ఆ నేల మీద కుక్క పాదం నిలుస్తుందా లేదా అన్నవి మొదట తేల్చుకోవలసిన విషయాలు.

మొదటి పని: గుంట తవ్వి నీళ్లు పోసి చూడండి

స్థలంలో మూడు నాలుగు చోట్ల అడుగు వెడల్పు, అడుగు లోతు ఉండే గుంటలు తవ్వించండి. ఒకటి గేటు వచ్చే చోట, ఒకటి అన్నిటికంటే పల్లంగా ఉన్న మూల, మిగిలినవి మధ్యలో ఉండాలి. సాయంత్రం వాటిని నీటితో నింపి పూర్తిగా ఇంకనివ్వండి. మట్టి తడి పీల్చుకున్న తరువాత మళ్లీ నింపి, ఒక పుల్ల మీద గీతలు గీసి నిలబెట్టి, గంటకు ఎంత దిగుతోందో చూడండి. గంటకు అంగుళం కూడా దిగకపోతే ఆ నేలలోకి నీరు ఇంకుతుందన్న ఆశ వదులుకోవాలి.

మా స్థలంలో ఈ పరీక్ష చేసిన రోజు నాకు బాగా గుర్తుంది. పై నాలుగు అంగుళాల మేర ఎవరో ఎప్పుడో తోలించిన ఎర్రమట్టి ఉంది. దాని కింద గునపానికి జిగటగా అంటుకునే నల్లమట్టి తగిలింది. సాయంత్రం ఆరు గంటలకు రెండోసారి నింపిన గుంటలో మర్నాడు ఉదయం కూడా నీళ్లు దాదాపు అంచు దాకా ఉన్నాయి, వాటి మీద దోమలు వాలి ఉన్నాయి. అంతకు ముందు ఏడాది మేము అదే చోట రెండు ట్రాక్టర్ల కంకర నేరుగా పోయించి సరిపెట్టుకున్నాము. గుంట గోడను చూస్తే ఆ కంకర రాళ్లు అర అడుగు లోతున, నల్లమట్టిలో శనగల్లా అతుక్కుని కనిపించాయి. కంకర ఎక్కడికీ పోలేదు, బంకమట్టి దాన్ని మింగేసింది.

కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో విస్తారంగా ఉన్న నల్లరేగడి గుణమే అంత. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి చెయ్యి దూరేంత బీటలు తీస్తుంది. ఆ కదలిక వల్ల దాని మీద వేసిన సన్నని కాంక్రీటు పగులుతుంది, టైల్స్ లేస్తాయి, గడ్డి వేళ్లు తెగుతాయి. నదికి దగ్గరగా ఉన్న ఒండ్రు నేలల్లో, ఇసుక పాలు ఎక్కువగా ఉన్న చోట, ఇదే గుంట కొద్ది గంటల్లో ఖాళీ కావచ్చు. ఈ రెండు నేలలకూ వైద్యం ఒకటి కాదు. ఒండ్రు నేలలో నీటిని కిందికి ఇంకించే పద్ధతి పనిచేస్తుంది. నల్లరేగడిలో మాత్రం నీటిని కిందికి పోనివ్వకుండా పై నుంచే పక్కకు జార్చే పద్ధతి కావాలి. చాలామంది నల్లమట్టి మీద వదులు కంకర పోసి, "నీళ్లు కిందికి దిగిపోతాయి" అనుకుంటారు. దిగిన నీరు పోవడానికి చోటు లేక అక్కడే నిలిచి మట్టిని ఉబ్బిస్తుంది. మేము చేసిన తప్పు అదే.

స్థలం చరిత్ర కూడా పాతకాపులను అడిగి తెలుసుకోండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడలోని సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల వీధులు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. అలాంటి పల్లపు ప్రాంతంలో చెక్క ముక్కల వంటి తేలిపోయే పదార్థాలను అసలు ఎంచుకోకూడదు.

రెండో పని: స్థలాన్ని వాడుకను బట్టి విడగొట్టండి

కుక్కల పార్కు అంతటికీ సరిపోయే నేల ఒక్కటంటూ లేదు. కుక్కలు స్థలమంతా సమానంగా తిరగవు. గేటు లోపలి పది పన్నెండు అడుగులు, కుళాయి చుట్టూ, చెట్టు నీడ, కంచె వెంబడి ఉండే దారి, ఇవి నాలుగూ మిగిలిన స్థలమంతా కలిపినదాని కంటే ఎక్కువ తొక్కిడికి గురవుతాయి. మన ఊళ్లలో కంచె వెంబడి మరీ ఎక్కువ. బయట వీధికుక్కలు మొరగగానే లోపలివి ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తుతాయి. ఆ దారిలో ఏ గడ్డీ బతకదు. కాబట్టి దానికోసం నాలుగైదు అడుగుల వెడల్పున గట్టి పట్టీ ముందే వేయించడం మంచిది.

కాగితం మీద స్థలం గీసుకుని నాలుగు భాగాలు గుర్తించండి. గేటు, కుళాయి దగ్గర కడగడానికి వీలైన గట్టి నేల, కంచె వెంబడి అణచిన రాతిపొడి, మధ్యలో ఎండ బాగా పడే చోట గడ్డి, చెట్ల కింద చెక్క ముక్కలు గానీ రాతిపొడి గానీ. 15 సెంట్ల స్థలంలో మేము గడ్డికి తొమ్మిది, రాతిపొడికి నాలుగు, మిగిలిన రెండు సెంట్లు కాంక్రీటుకూ చెట్ల నీడకూ ఇచ్చాము. స్థలం 10 సెంట్ల లోపే ఉండి కుక్కలు ఎక్కువగా వస్తాయనుకుంటే గడ్డి ఆలోచన మానుకుని, నీడ పెంచి, అంతా రాతిపొడే వేయమని నా సలహా. చిన్న గడ్డి మడి పది కుక్కల తొక్కిడికి కోలుకునే లోపే మళ్లీ నలిగిపోతుంది.

మూడో పని: వేడిని చేత్తో కొలవండి

ఇది అందరూ దాటవేసే పని. మీరు మాత్రం దాటవేయకండి. కుక్కలు ఒంట్లో వేడిని ప్రధానంగా రొప్పడం ద్వారానే తగ్గించుకుంటాయి. వాటి స్వేద గ్రంథులు పాదాల మెత్తల్లో కొద్దిగా ఉంటాయి. ఆ పాదాలే కాలే నేల మీద ఉంటే వాటికి తప్పించుకునే మార్గం లేదు. 60 డిగ్రీల ఉపరితలం మనిషి చర్మాన్ని కొద్ది సెకన్లలోనే కాలుస్తుంది. గాలి వేడి 42, 43 డిగ్రీలు ఉండే మా మే నెల మధ్యాహ్నాల్లో తారు, ముదురు రంగు రాయి, కృత్రిమ పచ్చిక ఆ అంకెను సులువుగా దాటుతాయి.

మా రెండో ప్రయత్నం కృత్రిమ పచ్చిక. బాక్స్ క్రికెట్ మైదానాల్లో పరిచే రకానిది, కింద నల్లని రబ్బరు గుళికలు పోసినది, గేటు నుంచి కుళాయి దాకా వేయించాము. చూడటానికి కోనసీమ వరిచేనులా ఉండేది. ఏప్రిల్ మూడో వారంలో ఒక రోజు సాయంత్రం నాలుగున్నరకు మా చిట్టిని, అది వీధిలోంచి తెచ్చుకున్న నాటు కుక్క, గొలుసు తీసి వదిలాను. అది పది అడుగులు వెళ్లి ముందు కాలు ఒకటి పైకెత్తింది, తరువాత రెండోది ఎత్తబోయి కూర్చుండిపోయింది. ఎత్తుకుని ఇంటికి తెచ్చి చూస్తే, కుడి ముందు పాదం పెద్ద మెత్త మీద పావలా అంత మేర పై పొర తెల్లగా ఉబ్బి అంచు దగ్గర లేచి ఉంది. కింద గులాబీ రంగు మాంసం కనిపించింది. అది మామూలుగా నడవడానికి మూడు వారాలు పట్టింది. చల్లబడిందని నేను అనుకున్న వేళ అది. నేను చెప్పులతో నడిచాను కాబట్టి నాకు తెలియలేదు.

అందుకే ఏది కొనే ముందైనా ఇలా చేయండి. మీరు అనుకుంటున్న పదార్థాల నమూనాలు, ఒక్కొక్కటి మూడడుగుల చదరంలో, స్థలంలోనే ఎండలో పరచండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడింటికి, మళ్లీ ఆరింటికి చెయ్యి వెనుక భాగాన్ని ఒక్కొక్కదాని మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. ఉంచలేకపోతే కుక్క పాదానికీ అది పనికిరాదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి ఉంటే అంకెలు రాసుకోవచ్చు, కమిటీలో వాదన త్వరగా తెగుతుంది. ఆరింటి కొలత ముఖ్యమైనది, ఎందుకంటే పార్కుకు జనం వచ్చే వేళ అదే. కాంక్రీటు, రాయి వేడిని దాచుకుని పొద్దుగూకిన తరువాత కూడా విడిచిపెడుతుంటాయి. తడి ఉన్న గడ్డి, నీడలోని చెక్క ముక్కలు త్వరగా చల్లబడతాయి.

నాలుగో పని: పదార్థాన్ని ఎంచుకోండి

గరిక. మన నేలకు, మన ఎండకు పుట్టిన గడ్డి ఇది. నేల మీద పాకే తీగలతోనూ, నేల లోపల పాకే కాండాలతోనూ పెరుగుతుంది కాబట్టి తొక్కినా, తవ్వినా మళ్లీ అల్లుకుంటుంది. నర్సరీలవారు మెక్సికన్ గడ్డిని చూపించి అది మెత్తగా ఉంటుందని చెబుతారు. నిజమే, కానీ అది నెమ్మదిగా పెరుగుతుంది, చిరిగిన చోట పూడటానికి చాలా కాలం తీసుకుంటుంది. ఇంటి ముందు అందానికి సరిపోతుంది గానీ కుక్కల పరుగుకు కాదు. గరికకు ఒకే ఒక్క పట్టింపు ఉంది: రోజుకు కనీసం ఆరు గంటల ఎండ. వేపచెట్టు కింద గరిక నాటడం డబ్బు దండుగ.

అణచిన రాతిపొడి. క్రషర్ల దగ్గర డస్ట్ అని అడిగితే ఇస్తారు. పరిటాల, దొనబండ వైపు నుంచి విజయవాడకూ, పేరేచర్ల వైపు నుంచి గుంటూరుకూ ఇది వస్తుంది. కోణాలు తేలిన సన్నని రేణువులు తడిపి రోలరుతో తొక్కిస్తే ఒకదానిలో ఒకటి బిగుసుకుని గట్టి నేల అవుతుంది. తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం నిలిచేది ఇదేనని నా అభిప్రాయం. లోపాలు రెండు: ఎండాకాలంలో దుమ్ము లేస్తుంది, కాబట్టి సాయంత్రం పార్కు తెరిచే ముందు నీళ్లు చల్లాలి. కుక్కల మూత్రం పదే పదే పడే చోట పై పొరకు వాసన పడుతుంది, కాబట్టి ఏడాదికోసారి పై అంగుళం గీకి కొత్తది వేయాలి. రాతిపొడి మీద 12, 20 మిల్లీమీటర్ల కంకర పరిచి అందంగా చేస్తామని మేస్త్రి అంటే ఒప్పుకోకండి. క్రషర్ కంకర అంచులు పదునుగా ఉంటాయి, పరుగెత్తే కుక్క వేళ్ల మధ్య చర్మం చీరుకుపోతుంది. నున్నని గులకరాళ్లు కాళ్లకు మంచివే గానీ, పిల్లకుక్కలు వాటిని మింగి పేగులకు అడ్డం తెచ్చుకుంటాయి.

ఇసుక. కృష్ణ ఇసుక దగ్గరలోనే దొరుకుతుందని చాలామందికి మొదట అదే తోస్తుంది. తడిగా, నీడగా ఉన్న ఇసుక, పేగుల్లో బతికే కొంకిపురుగుల లార్వాలకు అనువైన చోటు. అవి కుక్కల చర్మంలోకే కాదు, ఒట్టికాళ్లతో ఆడే పిల్లల చర్మంలోకీ దూరగలవు. పిల్లులు కూడా రాత్రిళ్లు అక్కడికే చేరతాయి. కుక్కలకు తవ్వుకునే సరదా తీరడానికి ఎండ తగిలే మూల ఒక చిన్న గుంటలో ఇసుక పోసి, మలం రోజూ తీస్తూ, తరచు తిరగేస్తూ, ఆరు నెలలకు మార్చుతూ ఉంటే పరవాలేదు. పార్కు మొత్తానికి మాత్రం వద్దు.

చెక్క ముక్కలు. సుబాబుల్, జామాయిల్, సరుగుడు కలప మన జిల్లాల్లో పేపరు మిల్లులకు పోతుంది కాబట్టి ముక్కలు దొరకడం కష్టం కాదు. చెట్ల నీడలో నాలుగు అంగుళాల మందాన పరిస్తే కాళ్లకు చల్లగా, కీళ్లకు మెత్తగా ఉంటుంది. ముసలి కుక్కలు అక్కడే పడుకోవడానికి ఇష్టపడతాయి. కానీ మన తేమకూ వేడికీ ఏడాదిలో సగం కుళ్లిపోతాయి, చెదలు పడతాయి, వానల్లో పుట్టగొడుగులు మొలుస్తాయి. చెదలకని గుళికల మందు చల్లడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి, అది కుక్క ప్రాణం తీస్తుంది. వడ్రంగి దుకాణాల ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన చెక్క, మేకులున్న పాత సెంట్రింగ్ చెక్క కూడా పనికిరావు. మరో హెచ్చరిక మన ప్రాంతానికి ప్రత్యేకమైనది. గోదావరి, కృష్ణా జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల్లో కోకో అంతర పంటగా పండుతుంది. కోకో గింజల పొట్టు తోటల్లో పరచడానికి బాగుంటుందని, వాసన కమ్మగా ఉంటుందని ఎవరైనా ఉచితంగా ఇవ్వచూపవచ్చు. చాక్లెట్‌లో కుక్కలకు విషమయ్యే థియోబ్రోమిన్ అనే పదార్థమే ఆ పొట్టులోనూ ఉంటుంది. ఆ వాసనకు కుక్కలు దాన్ని తింటాయి. ఒక్క బస్తా కూడా లోపలికి రానివ్వకండి.

కాంక్రీటు గేటు లోపలికీ కుళాయి చుట్టూకీ అవసరం. ఎందుకంటే కుక్కలకు వాంతులు, విరేచనాలు తెచ్చి ప్రాణం మీదికి తెచ్చే పార్వో వంటి వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మట్టినీ గడ్డినీ మందుతో శుద్ధి చేయలేము. కాంక్రీటును మాత్రం ముందు మలం, మట్టి పోయేలా కడిగి, ఒక పాలు ఇంటి బ్లీచికి ముప్పై పాళ్ల నీరు కలిపి పోసి, పది నిమిషాలు ఉంచి, మళ్లీ శుభ్రంగా కడిగేయవచ్చు. పైభాగాన్ని చీపురుతో గీతలు పడేలా వదిలేయమనండి, నున్నగా పాలిష్ చేస్తే తడిలో జారుతుంది. దాని మీద తప్పకుండా నీడ ఉండాలి.

పేవర్ బ్లాకులు మనుషులు నడిచే దారికి మాత్రమే, అదీ లేత రంగువి. కడప నల్లబండ వద్దు, ఎండకు పెనంలా కాలుతుంది. రబ్బరు టైల్స్ సంగతి కూడా అంతే. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిదను పల్లపు స్థలాలు పూడ్చడానికి వాడటం ఇక్కడ మామూలే గానీ, కుక్కలు తవ్వే నేలలో అది ఉండకూడదు. గాలికి లేచే ఆ సన్నని పొడి కుక్కల ముక్కుల్లోకీ కళ్లలోకీ పోతుంది. మీ స్థలాన్ని ఇదివరకే బూడిదతో నింపి ఉంటే, దాని మీద కనీసం అడుగు మందాన ఎర్రగ్రావెల్ అణచి వేయించాలి.

ఐదో పని: అడుగు పొరలు వేయించండి

మొత్తం పనిలో డబ్బు ఎక్కువ పెట్టవలసింది ఇక్కడే. రాతిపొడి పట్టీ వచ్చే చోట జేసీబీతో 8 అంగుళాల నల్లమట్టిని తీయించండి. అడుగును వాలు చూసి చదును చేయించి రోలరు తిప్పించండి. దాని మీద చదరపు మీటరుకు 200 గ్రాముల బరువుండే, నేయని రకం జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిపించండి. ఒక ముక్క మీదికి ఇంకో ముక్క అడుగు మేర ఎక్కేలా వేయాలి. మా కంకరను మింగేసిన బంకమట్టిని ఆపేది ఈ గుడ్డే. దీని మీద 6 అంగుళాల ఎర్రగ్రావెల్ రెండు పొరలుగా, ఒక్కొక్క పొరను తడిపి తొక్కిస్తూ వేయాలి. ఆ తరువాత 4 అంగుళాల రాతిపొడి, అదీ రెండు పొరలుగానే. మొత్తం 10 అంగుళాలు అవుతుంది కాబట్టి పట్టీ చుట్టూ ఉన్న నేల కంటే 2 అంగుళాలు ఎత్తుగా ఉంటుంది. ఆ ఎత్తు కావాలనే ఉంచాలి.

వాలు మీటరుకు 2 సెంటీమీటర్లు, అంటే వంద అడుగులకు 2 అడుగులు. అంతకంటే తక్కువైతే నీరు నిలుస్తుంది, రెట్టింపైతే ఒక గట్టి వానకు రాతిపొడి కోసుకుపోతుంది. వాలు దిగువన అడుగు వెడల్పు కాలువ తవ్వి, చిల్లులున్న పీవీసీ పైపు పెట్టి, చుట్టూ 20 మిల్లీమీటర్ల కంకర నింపి, వీధి డ్రెయిన్‌కు కలపండి. నల్లరేగడిలో ఇంకుడు గుంత తవ్వి దానికి కలిపితే అది రెండో వానకే నిండిపోతుంది. కింద ఇసుక పొర తగిలేదాకా తవ్వగలిగితేనే ఇంకుడు గుంత పనికొస్తుంది. నిలిచిన నీటిని తేలికగా తీసుకోవద్దు. ఎలుకల, పందికొక్కుల మూత్రం కలిసిన నీటి గుంటల వల్ల కుక్కలకూ మనుషులకూ లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు వస్తుంది.

కంచె పొడవునా నేలలోకి అడుగు దిగేలా కాంక్రీటు కర్బ్, అంటే అంచు గట్టు, వేయించండి. రాతిపొడి పక్కకు జారకుండా ఆపుతుంది, కుక్కలు కంచె కింద తవ్వకుండానూ పందికొక్కులు లోపలికి రాకుండానూ అడ్డుకుంటుంది.

లెక్క ఇలా వేసుకోండి. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. నాలుగు సెంట్ల పట్టీకి 1,742 చదరపు అడుగులు. దాన్ని 4 అంగుళాల మందంతో, అంటే అడుగులో మూడో వంతుతో గుణిస్తే 581 ఘనపుటడుగులు. వదులుగా వచ్చే సరుకు తొక్కించాక తగ్గుతుంది కాబట్టి పాతిక శాతం కలిపితే సుమారు 726 ఘనపుటడుగులు. వంద ఘనపుటడుగులు ఒక యూనిట్ కాబట్టి ఏడుంపావు యూనిట్లు. సరుకును ట్రిప్పుల లెక్కన కాకుండా యూనిట్ల లెక్కన మాట్లాడుకోండి, టిప్పరు వచ్చినప్పుడు తొట్టి పొడవు, వెడల్పు, సరుకు ఎత్తు టేపుతో కొలిపించండి. మా దగ్గర మొదటి టిప్పరును కొలవగానే తరువాతివి నిండుగా రావడం మొదలైంది.

ఆరో పని: గరిక నాటించండి

జూన్ చివరి వారం నుంచి జూలై వరకు, తొలకరి పడిన తరువాత నాటడం మంచిది. నల్లమట్టి మీద 6 అంగుళాల మందాన ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన మిశ్రమం పరచి, అదే వాలు ఉంచాలి. ఇక్కడ తోటమాలికి ఒక మాట స్పష్టంగా చెప్పి, అతను తెచ్చిన బస్తాల మీది పేరు మీరే చదవాలి. ఎరువుగా ఆముదం పిండి వాడటం మన దగ్గర పాత అలవాటు. ఆముదం గింజలోని రిసిన్ అనే విషం ఆ పిండిలో మిగిలి ఉంటుంది, కుక్కలు దాని వాసనకు నేల తవ్వి తింటాయి. ఎముకల పొడి, చేపల ఎరువు కూడా కుక్కను తవ్వమని పిలిచినట్టే అవుతాయి. ఇవేవీ వద్దు.

గరిక పిలకలను నాలుగు నుంచి ఆరు అంగుళాల దూరంలో నాటి, నేల కప్పేదాకా కుక్కలను అటు పోనివ్వకుండా తాత్కాలికంగా వల కట్టండి. రెండు నుంచి మూడు నెలలు పడుతుంది. ఈ ఓపిక లేకే చాలా పార్కుల్లో గడ్డి పోయింది. కమిటీ సభ్యులు ప్రారంభోత్సవానికి తొందరపడతారు, మీరు మాత్రం వేళ్లు పట్టాయో లేదో చేత్తో లాగి చూసి, తెగి చేతికొస్తే ఇంకో పదిహేను రోజులు ఆగండి. నాటే ముందు పల్లేరు తీగలను వేళ్లతో సహా ఏరించండి. ఆ కాయ ముల్లు మెత్తలో దిగితే పైకి కనబడదు, కుక్క కుంటుతూనే ఉంటుంది. వయ్యారిభామను పూత రాకముందే పీకించాలి.

గడ్డి భాగాన్ని మధ్యలో తక్కువ ఎత్తు కంచెతో రెండుగా విడగొట్టి, రెండు మూడు వారాలకోసారి ఒక సగాన్ని మూసి ఉంచితే తొక్కిడి తగిలిన గరిక కోలుకుంటుంది. మూత్రం పడిన చోట గడ్డి మాడటానికి కారణం అందులోని నత్రజని, లవణాలు, కాబట్టి వెంటనే ఒక చెంబెడు నీళ్లు పోస్తే చాలు. గేటు దగ్గర ఒక బక్కెట్టు, చెంబు పెట్టండి. జనం వాడతారు. గడ్డిని రెండు అంగుళాల ఎత్తున కత్తిరించాలి. మరీ పెరగనిస్తే పిడుదులు చేరతాయి, వాటి వెంట జ్వరాలు వస్తాయి.

ఏడో పని: తెరిచిన తరువాత చూడవలసినవి

మలాన్ని ఏ రోజుది ఆ రోజే తీయించాలి. ఏలికపాముల గుడ్లు మట్టిలో చేరితే ఏళ్ల తరబడి ఉంటాయి, తరువాత ఎంత ఖర్చు పెట్టినా ఆ మట్టిని బాగు చేయలేరు. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు పార్కు మూసి ఉంచండి. వేళల బోర్డు పక్కనే చెయ్యి వెనుక భాగంతో నేల వేడి చూసే పద్ధతిని కూడా తెలుగులో రాయించండి.

మొదటి పెద్ద వాన పడినప్పుడు గొడుగు వేసుకుని లోపలికి వెళ్లండి. నీరు ఎక్కడ నిలుస్తోందో, రాతిపొడి ఎక్కడ కోసుకుపోతోందో, కాలువలోకి ఎటు నుంచి దిగుతోందో ఆ గంటలో కనిపించినట్టు మరెప్పుడూ కనిపించదు. నిలిచిన ప్రతి చోటా ఒక వెదురు పుల్ల గుచ్చి రండి. వాన తగ్గిన రెండో రోజున, నేల చెమ్మగా ఉండగానే, ఆ పుల్లలున్న చోట్ల పై పొరను పారతో కదిపి కొత్త రాతిపొడి కలిపి దిమ్మిసతో కొట్టించండి. పూర్తిగా ఎండిన తరువాత వేసిన అతుకు పాత పొరతో కలవదు, మరుసటి వానకు పెచ్చుగా లేచిపోతుంది.